ఉపసంహారము నేర్వని విద్య

పాఠశాలలోని కంప్యూటరు గదియందు ప్రతి సంవత్సరమును కనబడు దృశ్యమొకటి కలదు. క్రొత్తగా ప్రోగ్రాము వ్రాయ నేర్చిన బాలుడొకడు తన పేరును తెరమీద ముద్రింపుమని మొదటి పంక్తిలో వ్రాయును. మరల మొదటి పంక్తికే పొమ్మని రెండవ పంక్తిలో వ్రాయును. అంతటితో వాని పని ముగిసినది. యంత్రము పని మాత్రము ముగియదు. ఒక్క పేరు పది పేర్లగును, పది నూరగును. రెప్పపాటులో తెర యంతయు ఆ పేరుతోనే నిండి, పైకి ప్రాకుచు, క్రిందినుండి మరల పుట్టుచుండును. మొదట బాలుడు సంతోషముతో కేక వేయును. ప్రక్క బల్లల పిల్లలు వచ్చి చూతురు. అర నిమిషము గడచునప్పటికి ఆ సంతోషము తగ్గును. తరువాత వాడు మీటలన్నిటిని ఒక్కొక్కటిగా నొక్కి చూచును. రెండు చేతులతో కలిపి నొక్కి చూచును. యంత్రము వాని వంకకైనను చూడదు. తుదకు వాడు బల్ల క్రిందికి వంగి విద్యుత్తు తీగను పెరికివేయును. తెర నల్లబడును. తెరమీది పేర్లతోపాటు, వాడు భద్రపరుపక విడిచిన ప్రోగ్రాము కూడ పోవును.

ఈ బాలుడు తెలివి తక్కువవాడు కాడు. వానికి చెప్పిన చదువులోనే కొరత యున్నది. నడిపించుట నేర్పిరి, ఆపుట నేర్పలేదు.

భారత కథ తెలిసినవారికి ఈ కొరత క్రొత్తది కాదు. యుద్ధము ముగిసిన పిదప అశ్వత్థామ పాండవులమీద బ్రహ్మశిరమను అస్త్రమును ప్రయోగించెను. దానిని అడ్డుటకు అర్జునుడును అట్టి అస్త్రమునే విడిచెను. రెండు అస్త్రముల మంటలు లోకములను కాల్చునట్లుండగా వ్యాసుడును నారదుడును నడుమ నిలిచి, అస్త్రములను మరలించుకొండని ఇరువురితో చెప్పిరి. అర్జునుడు మరలించుకొనెను. అశ్వత్థామకు అది చేతకాలేదు. ప్రయోగించుట ఇరువురకును తెలియును. ఉపసంహరించుట ఒక్కనికే తెలియును. అశ్వత్థామ సామాన్యుడు కాడు. ద్రోణుని కుమారుడు, ద్రోణునియొద్దనే చదివినవాడు. అయినను ఆ రెండవ సగము లేకపోవుటచేత అతని అస్త్రము తుదకు ఉత్తర గర్భముననున్న శిశువుమీదికి పోయినది.

నడుచుచున్న ప్రోగ్రామును ఒక మీటతో ఆపుట, కొంతసేపు నిలిపియుంచుట, మరల సాగించుట - ఇవి పని యంతయు అయిన తరువాత తీరికయున్నచో చేర్చు అలంకారములని పెక్కురు తలంతురు. పాఠ్యపుస్తకములు గూడ వీనిని చివరి పుటలలో ఒక మూలకు నెట్టును. ఈ అభిప్రాయము సరియైనది కాదు. ఆపుటకు దారి విడువని ప్రోగ్రాము సగము వ్రాసిన ప్రోగ్రాము మాత్రమే.

గానుగ చుట్టు తిరుగు ఎద్దును కన్నులార చూచినవారు నేడు తక్కువ. ఆ ఎద్దు కన్నులకు గంతలు కట్టుదురు. అది చుట్టు వెంట చుట్టు తిరుగును. గింజ నలిగినదో లేదో, నూనె దిగినదో లేదో దానికి తెలియదు. తెలియవలసిన పనియు లేదు. తెలిసినవాడు వేరొకడు గానుగయొద్ద నుండును. అతడు ఒక్క కేక వేయగా ఎద్దు నిలుచును. కంప్యూటరు భాషలో లూపు అనునది ఇట్టి తిరుగుడే. కొన్ని ఆజ్ఞలను వరుసగా నెరవేర్చి, మొదటికి వచ్చి, వానినే మరల నెరవేర్చుట. జీతముల పట్టిక వేయునప్పుడు ఉద్యోగికొక చుట్టు; పరీక్షా ఫలితములు కూర్చునప్పుడు విద్యార్థికొక చుట్టు. పట్టిక ముగియగానే ఇట్టి లూపు తనంత తానే ఆగును. వీనిని గూర్చి వివాదము లేదు. ఎన్ని చుట్లకు ఆగునో ముందుగా చెప్పజాలని లూపులు కలవు; ఆగుటయే పని కాని లూపులును కలవు. గడియారమును నడుపు ప్రోగ్రాము, వీథి దీపములను కాపలా కాయు ప్రోగ్రాము, ఆటలలో బొమ్మలను కదలించు ప్రోగ్రాము - ఇవి యెవరైన ఆపువరకు తిరుగుచుండవలసినవే.

ఇచ్చట నొక ఆక్షేపణ రావచ్చును. యంత్రమునకు ఇంత శక్తి యున్నప్పుడు, ఏ ప్రోగ్రాము ఆగునో ఏది ఆగదో అదియే ముందుగా పరీక్షించి చెప్పరాదా? ఆగనిదానిని నడపనే నిరాకరింపరాదా? అట్లయినచో మనుష్యుడు మీటయొద్ద కాచుకొని కూర్చుండ నక్కరయే లేదు గదా!

ఈ ప్రశ్నకు సమాధానము నేటి కంప్యూటరు పుట్టకముందే లభించినది. 1936లో ఆలన్ ట్యూరింగ్ అను ఆంగ్ల గణితవేత్త, ఇంకను పాతికేండ్లు నిండనివాడు, యంత్రములు చేయదగిన గణనమును గూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. ఏ ప్రోగ్రామునిచ్చినను, అది ఎప్పటికైన ఆగునా లేదా యని తప్పక చెప్పగల పద్ధతి యొక్కటియు ఉండజాలదని ఆయన తర్కమువలన తేలినది. ఇది యంత్రముల వేగము చాలకపోవుటచేత కలిగిన లోటు కాదు. నూరేండ్ల తరువాత వచ్చు యంత్రమునకును ఇది యిట్లే యుండును. కొన్ని ప్రోగ్రాములను గూర్చి చెప్పవచ్చును. పెక్కింటిని గూర్చి చెప్పవచ్చును. అన్నిటిని గూర్చి మాత్రము చెప్పరాదు.

ఎనిమిదవ తరగతి విద్యార్థి కాగితముమీదనే చేసి చూడదగిన లెక్క యొకటి దీనికి తోడుగా కలదు. ఏదైన నొక సంఖ్యను తీసికొనవలెను. అది సరిసంఖ్యయైనచో సగము చేయవలెను. బేసి యైనచో మూడింతలు చేసి ఒకటి కలుపవలెను. వచ్చినదానిని మరల అట్లే చేయవలెను. ఒకటి వచ్చినప్పుడు ఆపవలెను. ఆరుతో మొదలు పెట్టినచో 3, 10, 5, 16, 8, 4, 2, 1 అని ఎనిమిది అడుగులలో ముగియును. ఇంత సులువే గదా యని 27తో మొదలు పెట్టినవాడు చిక్కులో పడును. ఆ సంఖ్య పెరిగి, తరిగి, మరల పెరిగి, ఒకప్పుడు 9232 వరకు పోయి, 111 అడుగులకు గాని ఒకటికి దిగదు. జర్మను గణితవేత్త లోథార్ కొలాట్జ్ పేరుతో ఈ లెక్క ప్రసిద్ధమైనది. ఇంతవరకు పరీక్షించిన సంఖ్యలన్నియు ఒకటికే చేరినవి. అన్ని సంఖ్యలును అట్లే చేరునని మాత్రము ఎవ్వరును నిరూపింపలేదు. నాలుగు పంక్తులలో వ్రాయదగిన లూపు ఆగునో ఆగదో లోకములోని గణితవేత్తలందరు కలిసి చెప్పలేకున్నారు! అట్టప్పుడు, "నా ప్రోగ్రాము తప్పక ఆగును, దానికి ఆపు మీట యెందుకు?" అని ఒక విద్యార్థి అనుట సాహసము కాదా?

ఇక మీట నొక్కినంతమాత్రమున ప్రోగ్రామునకు వినబడునా? వినబడదు. ఈ సంగతి తెలియకనే పైన చెప్పిన బాలుడు మీటలన్నిటిని నొక్కినాడు. మీట నొక్కగా ఒక సంఖ్య కంప్యూటరు లోపలికి పోవును. యంత్రమును మొత్తముగా పాలించు ఆపరేటింగ్ సిస్టము దానిని పుచ్చుకొని వరుసలో ఉంచును. ప్రోగ్రాము అడిగిననాడు దానికిచ్చును. అడుగని ప్రోగ్రామునకు తలుపు తట్టిన చప్పుడైనను తెలియదు.

అడుగుటలో రెండు విధములున్నవి. క్రొత్తవారు ఈ రెంటిని కలగలిపి చెడుదురు. ఒకటి, ఏదైన మీట నొక్కువరకు అచ్చటనే కూర్చుండి ఎదురు చూచుట. పైతాన్ భాషలో ఇన్‌పుట్ అను ఆజ్ఞ ఇట్టిది. దీనిని లూపులో పెట్టినచో ప్రతి చుట్టునకును బండి నిలిచిపోవును. ఎంటర్ మీట నొక్కినగాని కదలదు. రెండవది, పోవుచు పోవుచు తొంగి చూచుట. మీట నొక్కబడినచో అది యేదో తెలిసికొనుట, లేనిచో ఆగక పనిలోనికి పోవుట. 1980 ప్రాంతమున ఇండ్లలోనికి వచ్చిన చిన్న కంప్యూటరుల బేసిక్ భాషయందు దీనికి ఇన్‌కీ అను మాట ఉండెడిది. ఆటలు వ్రాసిన నాటి బాలురు దీనితోనే బొమ్మలను కుడియెడమలకు నడిపిరి. లూపును మీటలతో నడిపింపగోరువానికి కావలసినది ఈ రెండవ విధమే. కాని దీనిలోను ఒక మెలకువ వలయును. ప్రతి చుట్టునకు ఒక్కసారి తొంగిచూచు ప్రోగ్రాముయొక్క ఒక్క చుట్టు పది నిమిషములు పట్టినచో, ఆపుమన్న మాట దానికి పది నిమిషముల తరువాత వినబడును. పొయ్యిమీద పాలు పెట్టి, వీథి చివరి ఇంటికి పోయి వచ్చి చూచినట్లుండును.

ఈ కష్టము తీర్చుటకే యంత్రనిర్మాతలు మరియొక మార్గము కల్పించిరి. దీనిని ఇంటరప్టు అందురు. లెక్కలు వ్రాయు గుమాస్తా పనిలో మునిగియుండగా ఎవరో వచ్చి పిలుతురు. అతడు వ్రాయుచున్న పంక్తిమీద వ్రేలు ఉంచి, తల యెత్తి, మాట విని, మరల ఆ పంక్తినుండియే సాగించును. కంప్యూటరు గుండెవంటి ప్రాసెసరు గూడ ఇట్లే చేయును. పిలుపు రాగానే తానున్న చోటును గుర్తు పెట్టుకొని, పిలుపునకు సమాధానము చెప్పి, మరల వచ్చి పని నందుకొనును. ప్రోగ్రాము అడుగకున్నను ఆపరేటింగ్ సిస్టమునకు మీట చప్పుడు వినబడుటకు కారణమిది.

కంట్రోల్ మీటను అదిమి పట్టి సి అక్షరమును నొక్కుట అను ప్రసిద్ధమైన పద్ధతి దీనిమీదనే ఆధారపడియున్నది. ఇతర కిటికీలలో ఆ జోడు మీటలే ప్రతిని తీసికొనుటకు ఉపయోగపడును గాన పిల్లలు తికమకపడుదురు. ప్రోగ్రాములు నడుచు టెర్మినల్ కిటికీలో దాని యర్థము వేరు. ఆ యర్థమే పాతది. 1963లో ప్రకటింపబడి 1967లో సవరింపబడిన ఆస్కీ పట్టికలో ప్రతి అక్షరమునకును ఒక సంఖ్య కలదు. పెద్ద సి అక్షరపు సంఖ్య 67. కంట్రోల్ మీట దానినుండి 64 తీసివేయును. మిగిలినది 3. ఆ పట్టికలో 3 అనగా వచనము ముగిసినదని అర్థము. యూనిక్స్ వంశమునకు చెందిన వ్యవస్థలలో టెర్మినల్‌నుండి ఈ మూడు రాగానే, నడుచుచున్న ప్రోగ్రామునకు ఆగుమని సంకేతము పోవును. కంట్రోల్‌తో జడ్ నొక్కినచో ప్రోగ్రాము చావదు, నిద్రపోవును. తరువాత ఎఫ్‌జి అను రెండక్షరముల ఆజ్ఞతో లేచి, విడిచిన చోటినుండి సాగును. కంట్రోల్‌తో ఎస్ నొక్కినచో 19 పోయి, తెరమీద వ్రాత నిలిచిపోవును. క్యు నొక్కినచో 17 పోయి మరల మొదలగును. తమ పనిని భద్రపరచుచున్నామని భ్రమించి ఎస్ నొక్కి, తెర బిగిసికొనిపోగా యంత్రము చెడినదని అధ్యాపకుని పిలుచు విద్యార్థులు నేటికిని కలరు. క్యు నొక్కినంతనే ఆ చెడిన యంత్రము బాగగును.

ఇంతవరకు ఆపుటకు దారి యుండవలెననుటయే చెప్పబడినది. ఇక, మీట నొక్కిన క్షణముననే ఉన్నది ఉన్నట్లు తెగవేయుటయే ఉత్తమమని వాదించువారును ఉన్నారు. ఈ వాదమును అంగీకరింపరాదు. ఒకరి ఖాతానుండి నూరు రూపాయలు తీసి మరియొకరి ఖాతాలో వేయు ప్రోగ్రామును, తీసిన తరువాత వేయకముందు ఆపినచో ఆ నూరు రూపాయలు ఎవరివి? పరీక్షా ఫలితములను సగము వ్రాసిన పుస్తకమును మధ్యలో చింపినచో దానిని ఎవరు నమ్ముదురు? పిలుపు వినగానే గుమాస్తా కలము పారవైచి పరుగెత్తడు. వ్రాయుచున్న పద్దును ముగించి, పుస్తకము మూసి, అప్పుడు లేచును. ప్రోగ్రాము గూడ అట్లే నడచుకొనవలెను. సంకేతము రాగానే "ఆగవలసియున్నది" అని ఒక గుర్తు పెట్టుకొనవలెను. ఆ చుట్టు ముగిసిన వెంటనే గుర్తును చూచి, తెరచిన పుస్తకములు మూసి, ఎంతవరకు చేసినదో చెప్పి ఆగవలెను. దీనికి అయిదారు పంక్తులకంటె ఎక్కువ పట్టదు.

అయితే ఈ మర్యాదను దురుపయోగము చేయు ప్రోగ్రాములును కలవు. సంకేతమును వినును, వినియు విననట్లుండును. పైతాన్ భాషలో ఇట్టి చిక్కు తెలియకయే కలిగెడిది. ఏ తప్పు వచ్చినను పట్టుకొని ముందుకు సాగుమని వ్రాసినవాని ప్రోగ్రాము, కంట్రోల్-సి వలన వచ్చిన పిలుపును గూడ తప్పులతో జమకట్టి మింగివేసి, మరల లూపులో పడెడిది. 2006లో వచ్చిన 2.5వ కూర్పులో ఆ భాషాకర్తలు మనుష్యుని పిలుపును సామాన్యమైన తప్పుల కుటుంబమునుండి వేరు చేసిరి. మీట నొక్కుట తప్పు కాదు, ఆజ్ఞ యని వారు గుర్తించినట్లయినది. అయినను ఏ పేరును చెప్పక అన్నిటిని పట్టుకొను ప్రోగ్రాము నేటికిని ఆ పిలుపును మింగుచునే యున్నది. యూనిక్స్ వ్యవస్థలో ఇంతకు మించిన రక్షణ యొకటి కలదు. 9వ సంకేతమును ఏ ప్రోగ్రామును పట్టుకొనజాలదు, తోసివేయజాలదు. మర్యాదగా చెప్పిన మాట విననిదానికి ఆ తొమ్మిదియే గతి.

ఆపు మీట ఎక్కడ ఉండవలెననునది సామాన్యమైన విషయమువలె తోచును; కాని అనుభవము వేరు విధముగా చెప్పుచున్నది. 1977లో వెలువడిన యాపిల్-2 కంప్యూటరుపై రీసెట్ అను మీట రిటర్న్ మీటకు సరిగా పైన నుండెడిది. పంక్తి పంక్తికి నొక్కవలసిన రిటర్న్ మీటను తాకబోయి, చేయి జారి, రీసెట్‌ను తాకినవారి పని మధ్యలో తెగిపోయెడిది. కొందరు ఆ మీట గట్టిగా నుండుటకై దాని క్రింద రబ్బరు చుట్టలు పెట్టుకొనిరి. తరువాతి యంత్రములలో కంట్రోల్ మీటతో కలిపి నొక్కినగాని అది పనిచేయకుండునట్లు మార్చిరి. 1981 నాటి ఐబీయం పీసీలో యంత్రమును మరల మొదటినుండి ఆరంభించుటకు డేవిడ్ బ్రాడ్లీ అను ఇంజనీరు మూడు మీటల కూటమిని ఏర్పరచెను. ఆయన మొదట ఎన్నుకొన్న మూడును కీబోర్డునకు ఎడమవైపుననే ఉండుటచేత పొరపాటున తగులవచ్చునని గ్రహించి, ఒకదానిని మార్చి కుడివైపుననున్న డిలీట్ మీటను చేర్చెను. రెండు చేతులు కావలెను గనుక బుద్ధిపూర్వకముగా తప్ప అది జరుగదు.

మన దేశమున 1984-85లో ఆరంభమైన క్లాస్ పథకము క్రింద పాఠశాలలకు బీబీసీ మైక్రో అను కంప్యూటరులు వచ్చినవి. వానిలో ఈ విషయమై చక్కని ఏర్పాటుండెను. ఎస్కేప్ మీట నొక్కినచో నడుచుచున్న ప్రోగ్రాము ఆగి, ఏ పంక్తియొద్ద ఆగినదో చెప్పును. బ్రేక్ మీట నొక్కినచో యంత్రమంతయు మొదటికి వచ్చును. అయినను ఓల్డ్ అను మూడక్షరముల ఇంగ్లీషు మాట వ్రాసినంతనే పోయినదనుకొన్న ప్రోగ్రాము తిరిగి వచ్చును. తొందరపడినవానికి పశ్చాత్తాపపడుటకు అవకాశము విడిచిన యంత్రమది.

మీట మాట వినని లూపు వలన పోవునది తెరమీది పేర్లు మాత్రమే యైనచో ఇంత చర్చ అనవసరము. ప్రాణములు గూడ పోయినవి. కెనడాలో తయారైన థెరాక్-25 అను వైద్యయంత్రము క్యాన్సరు రోగులకు కిరణచికిత్స చేయుటకు ఏర్పడినది. దానిని ఒక కంప్యూటరు నడిపెడిది. చికిత్స రెండు విధములు. ఎలక్ట్రానులతో నేరుగా చేయునది ఒకటి; ఎక్స్-కిరణములతో చేయునది ఒకటి. రెండవదానికి ఎన్నో రెట్లు ప్రబలమైన ప్రవాహము వలయును; అది రోగిని నేరుగా తాకకుండ నడుమ లోహఫలకము అడ్డుండవలెను. 1985 జూను మొదలు 1987 జనవరి వరకు అమెరికా, కెనడా దేశములలో ఆ యంత్రమువలన ఆరు ఘోరప్రమాదములు జరిగినవి. వానిలో రెండు అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమున ఒకే ఆసుపత్రిలో జరిగినవి.

1986 మార్చిలో అచ్చటి ఉద్యోగిని ఎలక్ట్రానులకు ఇ అని వ్రాయుటకు మారుగా, అలవాటుకొలది ఎక్స్ అని వ్రాసినది. వెంటనే తప్పు తెలిసికొని, పైకి పోవు బాణపు మీట నొక్కి దిద్దినది. అనుభవము గలది గాన క్షణములలో దిద్దినది. తెరమీద దిద్దుబాటు కనబడెను. కాని లోపల, యంత్రములోని అయస్కాంతములు కుదురుకొనుటకు సుమారు 8 సెకన్లు పట్టెడిది. ఆ వ్యవధిలో ఒక చిన్న లూపు తిరుగుచు, ఉద్యోగిని ఏమైన మార్చినదా యని తొంగి చూడవలెను. చూడవలెనని తెలుపు గుర్తు మొదటి చుట్టు ముగియగానే చెరిగిపోవునట్లు ఆ ప్రోగ్రాము వ్రాయబడియుండెను. తరువాతి చుట్లలో ఆ లూపు తిరిగినదే గాని చూడలేదు. యంత్రము ప్రబలమైన ప్రవాహమును విడిచెను. అడ్డు ఫలకము మాత్రము అక్కడ లేదు. తెరమీద 54వ సంఖ్య గల లోపమని మాత్రము కనబడి, చికిత్స నిలిచెను. సాగించుటకు పి అను ఒక్క మీట చాలును. చిన్న చిన్న లోపములకు ఆ యంత్రము మాటిమాటికి నిలుచుట ఆమెకు అలవాటే. ఆమె పి నొక్కినది. రోగి అయిదు మాసములకు మరణించెను. ఏప్రిలులో అట్లే గాయపడిన రెండవ రోగి ఒక మాసమైన బ్రదుకలేదు.

తప్పును కనిపెట్టినది యంత్రము చేసినవారు కారు. ఆ ఆసుపత్రిలోని భౌతికశాస్త్రజ్ఞుడును, ఆ ఉద్యోగినియు కలిసి మరల మరల ప్రయత్నించి, దిద్దుబాటు వేగముగా చేసినప్పుడే యంత్రము పెడదారి పట్టునని తేల్చిరి. అంతట ఏప్రిలులో తయారీదారులు యంత్రమున్న ఆసుపత్రులకు ఒక తాత్కాలికోపాయము వ్రాసి పంపిరి. పైకి పోవు బాణపు మీట తొడుగును ఊడదీసి, దాని క్రింది స్పర్శలు కలియకుండ ఇన్సులేషన్ టేపు వేయవలెనట! చెవిటివానికి వైద్యము చేయక, పిలుచువాని నోరు కట్టినట్లున్నది ఈ ఉపాయము. అమెరికా ప్రభుత్వపు ఆహారౌషధ పరిపాలన శాఖ మే నెలలో ఆ యంత్రము లోపభూయిష్టమని ప్రకటించి, ఆ లేఖ చాలదని తెలిపెను. వేగముగా దిద్దుట ఉద్యోగిని నేరమని అప్పుడు గూడ అనుకొన్నవారుండిరేమో. ఆమె నేరమేమియు లేదు. వినవలసినది వినకపోయినది. ఆపుట కంటె సాగించుటయే సులువైన మీటగా చేసినవారి యాలోచన గూడ పరిశీలింపదగినదే.

పాఠశాలలో ప్రోగ్రాములకు మార్కులు వేయు పద్ధతిని మార్చుటకు ఇంతకంటె బలమైన కారణము అక్కరలేదు. ఇప్పుడు అధ్యాపకుడు తెరమీద సమాధానము సరిగా వచ్చినదా యని చూచి మార్కులు వేయుచున్నాడు. ప్రోగ్రాము నడుచుచుండగా బల్లయొద్దకు వచ్చి, "ఇప్పుడు ఆపుము" అనవలెను. విద్యార్థి ఏ మీట నొక్కునో, ఎంతసేపటికి ప్రోగ్రాము ఆగునో, ఆగిన పిదప ఏమి మిగులునో చూడవలెను. తీగ పెరికినవానికి సగము మార్కులకంటె ఎక్కువ ఈయరాదు. చిన్నపిల్లలకు ప్రోగ్రాములు నేర్పుటకై 2007లో అమెరికాలోని ఎం.ఐ.టి. సంస్థవారు వెలువరించిన స్క్రాచ్‌లో ఆరంభించు ఆకుపచ్చ జెండా ప్రక్కనే ఆపుటకు ఎర్రని అష్టభుజి యుండుట గమనింపదగినది. ఎడతెగక తిరుగు లూపును చేతికిచ్చిన వారే, దానిని నిలుపు గుర్తును గూడ కంటికెదుట ఉంచిరి.

తీగ పెరికిన బాలుని ప్రోగ్రాములో మరి నాలుగు పంక్తులు చేర్చినచో చాలును. మొదట తెరమీద "ఆపుటకు క్యు నొక్కుడు" అని వ్రాయించుట; ప్రతి చుట్టునకు మీటను తొంగి చూచుట; క్యు యైనచో లూపునుండి బయటికి వచ్చుట; వచ్చిన పిదప ఎన్ని చుట్లు తిరిగినదో చెప్పుట. ఈసారి పేరు తెరమీద నిండి పైకి ప్రాకుచుండగా ప్రక్క బల్లల పిల్లలు వచ్చి చూతురు. వాడు క్యు నొక్కును. పేర్లు ఉన్నచోటనే నిలిచి, చివరి పేరు క్రింద ఒక్క సంఖ్య మాత్రము కనబడును.